ఒంటి గాటు, జంట గాటు

మొదటి వరుస ఆరువందల ఎనభై వోల్టులు చూపింది. రెండవదీ దాదాపు అంతే. మేస్త్రి మీటరు ముళ్ళను ఒక జత మరల మీది నుండి మరొక జత మీదికి మారుస్తూ, వచ్చిన ప్రతి అంకెనూ, మిద్దె మీది ఆరు వరుసల తీగలూ వచ్చి చేరే పెట్టె తలుపు లోపల అంటించిన కాగితం మీద అరిగిపోయిన పెన్సిలు ముక్కతో రాసుకుంటున్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. అయినా ఆ శీతల గిడ్డంగి మిద్దె నిండా పరచిన తొంభై ఆరు ప్యానెళ్ళు అప్పుడే వెలుగు తాగడం మొదలుపెట్టాయి. ముందునాటి సాయంత్రం వెలుతురు చాలక ఆగిపోయిన కొలత ఇది. మధ్యాహ్నం మూడు గంటలకు తనిఖీ అధికారిణి వస్తుంది.

మూడవ వరుస, నాలుగవ వరుస, అయిదవ వరుస. అన్నీ సక్రమం.

ఆరవ వరుస దగ్గర మేస్త్రి చెయ్యి ఆగింది. అంకె అదే. కాని దాని ముందు చిన్న అడ్డగీత ఉంది. ముళ్ళు తీసి తుడిచి మళ్ళీ ఆనించాడు. గీత పోలేదు. దాని అర్థం ఒక్కటే: ధనం ఉండవలసిన చోట ఋణం, ఋణం ఉండవలసిన చోట ధనం బిగించబడ్డాయి. ఈ స్థితిలో ఆ వరుసను తక్కిన అయిదింటితో కలిపితే పుట్టే మంట గిడ్డంగి యంత్రాలదాకా పోదు. కలిపినవాడి ముఖం మీదనే విచ్చుకుంటుంది.

"అయిందా బావా? ఫ్యూజులు వేసేయనా?"

బావమరిది పక్కనే నిలబడి ఉన్నాడు. అతని దృష్టి గేటు వైపు ఉంది. కుడిచెయ్యి మాత్రం అప్పటికే ఆరవ ఫ్యూజు పిడి మీద పడి ఉంది.

"ఆగు" అన్నాడు మేస్త్రి.

మాట మెల్లగానే వచ్చింది. కాని అందులో ఏమి వినిపించిందో, బావమరిది చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. తీసుకుని నవ్వాడు. "పసిపిల్లకి జ్వరం చూసినట్టు చూస్తున్నావు బావా. ఎంతసేపని?"

ఆరవ దానిలో మర వదులుగా ఉందనీ, తాను బిగిస్తాననీ, ఈలోగా కిందికి పోయి ఇన్వర్టరు గది ఊడ్పించమనీ మేస్త్రి చెప్పాడు. బావమరిది రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళిపోయాడు. ఆ అడుగుల చప్పుడు అణగేదాకా మేస్త్రి కదలలేదు. నలభై మూడేళ్ళుగా అతడు చెప్పకుండా ఉండడంలో నేర్పరి. లేనిది ఉన్నట్టు చెప్పడం ఇదే మొదలు.

దీపాన్ని ఆర్పినట్టు ఎండను ఆర్పలేము. అతడు రబ్బరు తొడుగులు వేసుకుని ఆ వరుస ప్యానెళ్ళ మీద మందపాటి గుడ్డ కప్పాడు. ప్యానెళ్ళ దగ్గరి కలయికను విప్పాడు. తిరిగివచ్చి పెట్టెలో రెండు కొసలనూ ఒకదాని చోటికి మరొకటి మార్చి బిగించాడు. మళ్ళీ కలిపి, గుడ్డ తీసి, కొలిచాడు. అడ్డగీత లేదు. గంటలో జరగవలసిన పని పావుగంటలో ముగిసింది. ఎవరూ చూడలేదు.

అతణ్ణి అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టివాడు, భుజాలు మాత్రం ఇద్దరివంత. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు చింది ఎండిన సున్నంలా ఉంటాయి. మాట్లాడేటప్పుడు ఎదుటివారి కళ్ళలోకి కాక చేతులకేసి చూస్తాడు. ఎడమ చూపుడువేలి కొస నిరంతరం దేనినో తడుముతూ ఉంటుంది. ఆ వేలిలోనే అతని బ్రతుకు రహస్యమంతా ఉంది. దృష్టి ప్రసాదించినవాడు అందులో ఒక పాలు తన వద్దనే ఉంచుకున్నాడు: మేస్త్రికి ఎరుపు తెలియదు. లోకులు ఎరుపని పిలిచేది అతని కంటికి ఆరిన బొగ్గు. పచ్చ, గోధుమ, ఎరుపు, మూడూ నీడపట్టున ఒకే బురద.

పదిహేనవ ఏట, పని నేర్పే గురువు ఎర్ర తీగ అందించమంటే నల్లది అందించాడు. చెంప పగిలింది. గురువు దానిని పరధ్యానమనుకున్నాడు. రెండవసారి కూడా అలాగే జరిగినప్పుడు, తనకు కనిపించనిదేదో తక్కినవారందరికీ కనిపిస్తున్నదని పిల్లవాడికి అర్థమైంది. చెబితే ఆ పనిలోంచి పంపేస్తారు. మరొక పని లేదు. అందుచేత తీగలను పెట్టిన చోటును బట్టి, చుట్ట బరువును బట్టి, వాసనను బట్టి కూడా గుర్తుపట్టడం నేర్చుకున్నాడు.

పెళ్ళయిన మూడవనాడు భార్య దండెం మీది ఎర్ర దుప్పటి తెమ్మన్నది. అతడు పచ్చది తెచ్చి ఇచ్చాడు. ఆమె దుప్పటిని చూసింది, అతని ముఖం చూసింది, మడతపెట్టింది. మరునాటి ఉదయం అతడు తీగ చుట్టలు సంచీలో సర్దుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క చుట్టనే ముట్టుకుంటూ, "ఇది ఎరుపు. ఇది నలుపు. ఇది పచ్చ" అన్నది. అంతే. ఆ విషయమై వారిద్దరి నడుమ ఎప్పుడూ వేరే మాట జరగలేదు. ఆమె చెబుతుంది, అతడు చిన్న కత్తితో తీగ కొసల పైతోలు మీద పలుచగా గాట్లు పెడతాడు. ఎరుపుకు ఒంటి గాటు, నలుపుకు జంట గాటు, పచ్చకు మూడు. ఆ తరువాత కన్నుతో పని లేదు, వేలు చాలు.

ముప్పయి ఒక్క ఏళ్ళు అలా గడిచాయి. కాలింగు బెల్లులూ ఫ్యానులూ బిగించే ఇద్దరు మనుషుల పని తొమ్మండుగురి సంస్థ అయింది. చీకటి అటకల మీద, గోడ గొట్టాలలో చేతి తడుములాటతోనే పని సాగుతుంది గనుక తక్కిన పనివారు కూడా ఆ గాట్లు పెట్టడం నేర్చుకున్నారు. అది ముందుచూపు అనుకున్నారు. "మా బావ కళ్ళు మూసుకుని కడతాడండీ" అని బావమరిది ఇంటివారందరి ముందూ గొప్పలు చెప్పేవాడు. అంటున్న మాటలో నిజం ఎంత ఉన్నదో అతనికి తెలియదు. మేస్త్రి ఆ మాట విన్నప్పుడల్లా స్క్రూడ్రైవరు కోసం సంచీలో వెతుక్కునేవాడు.

బావమరిది వారింటికి పందొమ్మిదవ ఏట వచ్చాడు. తల్లి పోయిన ఏడాది. అంతకు ముందు కూడా అతణ్ణి ఎత్తుకుని తిప్పింది అక్కే. అతడికి ఇప్పుడు ముప్పయి ఏడు. ఎండ నుండి కరెంటు తీసే పని వైపు సంస్థను తిప్పినవాడు అతడే. శిక్షణకు పోయాడు; పర్యవేక్షకుల పరీక్ష రాసి నెగ్గాడు; మొదట ఒక ఇంటి కప్పు, తరువాత ఒక బడి కప్పు సంపాదించాడు. వాటికి తీగ చుట్టలుగా వచ్చింది. ఇంటికి వెళ్ళి, గాట్లు పడి వచ్చింది. ఈ గిడ్డంగికి మాత్రం ఛాతీ ఎత్తు డ్రమ్ములలో తిన్నగా ఆవరణలోనే దిగింది. డ్రమ్ముల పక్కచెక్కల మీద రంగుపేరు ముద్రించిన కాగితం ఉంది. మేస్త్రి దానిని చదివి, ఎరుపును ఎడమకూ నలుపును కుడికీ పెట్టించి, ఆ గుర్తుతో గాట్లు పెట్టుకుంటూ వచ్చాడు.

ఇప్పుడతడు కిందికి దిగి ఆవరణలోకి నడిచాడు. డ్రమ్ములు రెండూ గోడ వారగా ఉన్నాయి. పేరున్న వైపు గోడకు తిరిగి ఉంది. గోడకూ చెక్కకూ నడుమ ఒక భుజం దూర్చి వంగి చదివాడు. ఎడమ డ్రమ్ము మీద నలుపు అని ఉంది.

నిన్న మధ్యాహ్నం లారీ లోపలికి రావడానికి వాటిని పక్కకు దొర్లించారని కాపలావాడు చెప్పాడు. లారీ పోయాక మళ్ళీ యథాస్థానంలో పెట్టామన్నాడు. పెట్టడమైతే పెట్టారు, ఇది అటూ అది ఇటూ. ఆరవ వరుస తీగలు కోసి గాట్లు పెట్టింది ఆ తరువాతనే. చూపున్నవాడికి అందులో తేడా ఏముంది? మిద్దె మీద ప్యానెళ్ళ దగ్గర కూర్చున్న పనివాడు రంగు చూసి, ఎరుపును ధనానికీ నలుపును ఋణానికీ కలిపాడు. పెట్టె దగ్గర మేస్త్రి గాటు తడిమి కలిపాడు.

పది గంటలకు బావమరిది కాగితాల కట్టతో వచ్చాడు. అధికారిణి ముందు సంతకం పెట్టవలసిన పత్రాన్ని బావ ఒకసారి చూసుకుంటే మేలని పైకి చదివాడు. ఇళ్ళకూ బళ్ళకూ ఇచ్చే పత్రం కాదది. ఇంత పెద్ద ఎండ కరెంటు పనులకు వేరే ఉంది. మొదటి నాలుగు వాక్యాలూ మామూలువే. అయిదవది ఇలా ఉంది: ప్రతి తీగ రంగునూ, దాని స్థానాన్నీ నేను స్వయంగా కళ్ళారా చూసి సరిచూశాను.

మేస్త్రి కాగితం అందుకుని ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. ముద్రించిన అక్షరాలకు గాట్లుండవు.

ఈ సంతకం పడితే తమ పేరు ఆమోదిత గుత్తేదారుల జాబితాలో చేరుతుందనీ, చేరిన మరుసటి వారమే మూడు కప్పుల పని ఒకేసారి మొదలవుతుందనీ, మూడు జట్లకు మనుషులను మాట్లాడేశాననీ బావమరిది చెబుతున్నాడు. లైసెన్సు బావ పేరున ఉన్నది గనుక మూడు చోట్లా సంతకం బావదే. "ఇంక నువ్వు నిచ్చెనలెక్కక్కర్లేదు బావా. కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టడమే" అన్నాడు. రెండేళ్ళుగా అతడు చెప్పులరిగేలా తిరిగినది ఈ ఒక్క కాగితం కోసం. మేస్త్రి తల ఊపాడు. ఊపి, భోజనానికి ఇంటికి వెళ్ళివస్తానన్నాడు. పని జరుగుతున్న రోజున అతడు ఇంటికి భోజనానికి వెళ్ళడం ఎవరూ ఎరుగరు. బావమరిది ఆశ్చర్యంగా చూశాడు.

భార్య కంచం పెట్టి ఎదురుగా కూర్చున్నది. అతడు జరిగినదంతా వరుసగా చెప్పాడు: డ్రమ్ములు, లారీ, అడ్డగీత, అయిదవ వాక్యం. ఇన్నేళ్ళలో ఆ విషయాన్ని వారు నోటితో పలకడం అదే మొదటిసారి. మాటలు కొత్త చెప్పుల్లా కరుస్తున్నాయి.

"అయితే నేను వస్తాను" అన్నదామె. "ఆ డ్రమ్ము మీద కూర్చుని చెబుతాను. నాకేం పని ఇక్కడ?"

"తర్వాత మూడు చోట్ల పని నడుస్తుంది. ఎన్ని డ్రమ్ముల మీద కూర్చుంటావు?"

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. తమ్ముడికి కూడా పరీక్ష నెగ్గిన పత్రం ఉన్నదిగదా, సంతకం వాడిచేత పెట్టించమన్నది.

"ఎందుకని అడుగుతాడు."

ఆమె అతని కంచంలో మజ్జిగ పోసింది. తరువాత ఆమె తల ఎత్తకుండా అడిగింది. "మీరు ఆగు అన్నప్పుడు వాడి చెయ్యి ఎక్కడుంది?"

"ఫ్యూజు మీద."

ఆమె లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడగసాగింది. నీళ్ళు పొర్లిపోతున్నాయి. "వాణ్ణి నేను చంకనేసుకుని పెంచానండీ" అన్నది గోడకేసి. సంతకం పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అతడు చెయ్యి కడుక్కుని బయలుదేరాడు.

అధికారిణి మూడు గంటలకు పది నిమిషాలు ముందే వచ్చింది. నలభై దాటిన మనిషి. ఎండకు కమిలిన ముఖం, మందపాటి బూట్లు, తన మీటరు తానే మోసుకొచ్చింది. ఎవరితోనూ ఊసులు పెట్టుకోకుండా ప్యానెళ్ళ బిగింపులు కుదిపి చూసింది. ఇనుప కాళ్ళ కింద చెయ్యి పెట్టి చూసింది. ఎర్త్ వైరు భూమిలోకి దిగిన చోట మోకాళ్ళ మీద కూర్చుంది. బావమరిది ఆమె వెంటే తిరుగుతూ అడిగిన దానికి రెండింతలు చెబుతున్నాడు. అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. మేస్త్రి పెట్టె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె పెట్టె తెరిచింది. ఆరు వరుసలూ కొలిచింది. ఆరవ దాని వద్ద మేస్త్రి ఆమె మీటరుకేసి చూశాడు. ఆమె అంకె రాసుకుని, తీగ కొసల మీద గోటితో రుద్ది చూసింది.

"ఈ గాట్లేమిటి?"

"అది మా పద్ధతి మేడమ్" అన్నాడు బావమరిది గర్వంగా. చీకట్లో, ఇరుకులో, చూడకుండానే ఏ తీగ ఏదో తెలియడానికి బావ కనిపెట్టినదని వివరించాడు. ఆమె తల పంకించింది. మంచి ఆలోచన అన్నది. ఈ నెలలో ఇంత శుభ్రమైన పని చూడలేదనీ అన్నది. ఆ మాటకు బావమరిది ముఖం వెలిగింది. వెంటనే పత్రం తీసి పలక మీద పెట్టి, కలం మూత తీసి, బావ చేతికి అందించాడు.

మేస్త్రి కలం పట్టుకున్నాడు. సంతకం చోటు ఎక్కడో అతనికి తెలుసు. నాలుగు వాక్యాలు దాటి కన్ను అయిదవ దాని మీద నిలిచింది. ఈ ఒక్క సంతకం కోసం అందరూ ఎండలో నిలబడి ఉన్నారు. కలం మొన కాగితానికి ఆనింది. ఒక చుక్క పడింది. కాని చుక్క గీత కాలేదు.

"అమ్మా, ఇది నేను పెట్టకూడదు."

అధికారిణి తల ఎత్తింది. బావమరిది నవ్వుతూనే ఉన్నాడు. బావ ఏదో లోపం పట్టుకున్నాడనుకున్నాడు.

"నాకు ఎరుపు కనబడదు" అన్నాడు మేస్త్రి. "పుట్టినప్పటి నుంచీ అంతే. పచ్చా కనబడదు. ఆ గాట్లు చీకటి కోసం కావు, నా కోసం. పొద్దున ఆరో వరుస తిరగబడి ఉంది. నేనే కట్టాను, నేనే మార్చాను. ఎవరికీ చెప్పలేదు."

గిడ్డంగి యంత్రాల హోరు కింది నుండి వినవస్తున్నది. బావమరిది నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసుకుపోవడం మరిచిన వస్తువులా. ఎన్నేళ్ళ నుంచి బావా అన్నాడు చివరకు. అక్కకి తెలుసా అన్నాడు.

"మీ అక్కే నా కళ్ళు" అన్నాడు మేస్త్రి.

అధికారిణి చాలాసేపు పత్రం మీది ఆ చుక్కకేసి చూసింది. ఆమెకు కోపం వచ్చిందో జాలి కలిగిందో ముఖం చెప్పలేదు. ఇంకెవరికైనా పర్యవేక్షక పత్రం ఉన్నదా అని అడిగింది. బావమరిది తనకున్నదన్నాడు. అయితే పనిని అతని పేరున చూస్తాననీ, అతడు తన ఎదుటనే ప్రతి తీగనూ మొదటినుండి విప్పి చూసి, రంగు పైకి చెప్పాలనీ, ఒక్కటి తప్పినా పని తిరస్కరిస్తాననీ అన్నది. తరువాత మేస్త్రి వైపు తిరిగింది.

"మేస్త్రి గారూ, మీరు ఇక తీగ ముట్టకూడదు. ఇక్కడే కాదు, ఎక్కడా."

"తెలుసమ్మా."

అతడు జేబులోంచి లైసెన్సు పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు. రెండడుగులు వెనక్కు వేశాడు. మరి రెండడుగులు వేసి పిట్టగోడకు ఆనుకున్నాడు.

గుడ్డ కప్పి, కలయికలు విప్పి, బావమరిది మొదటి వరుస ముందు కూర్చున్నాడు. "ఒకటో వరుస. ఎరుపు. నలుపు." అధికారిణి రాసుకున్నది. "రెండో వరుస. ఎరుపు. నలుపు." ముప్పయి ఒక్క ఏళ్ళుగా ఆ పేర్లను ఒక్క గొంతులోనే వింటూ వచ్చిన మేస్త్రి, మరొక గొంతులో వాటిని వింటూ కళ్ళు మూసుకున్నాడు. మూడు. నాలుగు. అయిదు. ఏ ఒక్కటి తప్పినా ఆ పిల్లవాడి రెండేళ్ళ తిరుగుడూ తన వేలికొస వల్లనే పోతుంది. చెమట మెడ మీదుగా దిగుతున్నా తుడుచుకోలేదు.

ఆరవ వరుస దగ్గర మాట ఆగిపోయింది.

బావమరిది నల్ల తీగను వేళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాడు. దాని మీద ఒంటి గాటు ఉంది. ఎర్రదాని మీద జంట గాటు ఉంది. అతడు వెనక్కు తిరగకుండానే అడిగాడు.

"బావా. పొద్దున నేను చెయ్యి పెట్టినప్పుడు ఇది తిరగబడే ఉందా?"

"ఉంది."

బావమరిది తన కుడి అరచేతిని తెరిచి చూసుకున్నాడు. ఒకసారి మూసి, తెరిచాడు. తరువాత పైకి చెప్పాడు. "ఆరో వరుస. ఎరుపు. నలుపు. స్థానాలు సరిగ్గా ఉన్నాయి." ఎర్త్ వైరు కూడా చూసి, పచ్చ అన్నాడు. అధికారిణి పత్రం అతని ముందు పెట్టింది. అతడు సంతకం పెట్టాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే వేశాడు. ఆరవది వేసేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఏమీ కాలేదు. కింద ఇన్వర్టరు గదిలో సన్నని రొద పుట్టి, క్రమంగా స్థిరపడింది. కింద నిలబడి ఉన్న పనివాళ్ళు చప్పట్లు కొట్టారు.

బావమరిది తిరిగి చూసేసరికి పిట్టగోడ దగ్గర ఎవరూ లేరు. పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు గనుక బావా అని ఒకసారి అన్నాడు. చప్పట్లలో అది మెట్లదాకా కూడా పోలేదు. అంచు దగ్గరికి వచ్చి చూశాడు. పొట్టి మనిషి ఆవరణ దాటి, గేటు దాటి, పని బట్టలతోనే, చేతిలో సంచీ లేకుండా నడిచిపోతున్నాడు. బావమరిది మెట్లకేసి పరుగెత్తబోయాడు. ఇంతలో అధికారిణి వెనుకనుంచి పిలిచి, ఈ సంస్థ బాధ్యుడిగా ఇకమీదట ఎవరి పేరు రాయమంటారని అడిగింది. అతడు ఆగి, ఒక్కొక్క అక్షరం విడదీసి తన పేరు చెప్పాడు.

అందరూ కలిసి ఫోటో దిగాలని ఆ ఉదయం అతడు బావ కోసం కొత్త చొక్కా ఒకటి కొని తెచ్చి, మెట్ల గదిలో మేకుకు తగిలించాడు. అది ఇంకా అట్ట కాలరుతో, గుండుసూదులతో, మడత చెదరకుండా అక్కడే ఉంది.